మా మేనత్త దాచని అర డిగ్రీ

ఫ్రిజ్ తలుపు మూశాక లోపలి లైటు నిజంగానే ఆరుతుందా? ఈ అనుమానం మీకూ ఎప్పుడో వచ్చే ఉంటుంది, వచ్చినట్టే పోయి ఉంటుంది. మా మేనత్తకి వచ్చింది కానీ పోలేదు. మా నాన్న సెల్‌ఫోనులో వీడియో నొక్కి, దాన్ని పాలగిన్నె పక్కన నిలబెట్టి, తలుపు వేసి, అరగంట కాపలా కూర్చుంది. లైటు ఆరుతుందని తేలింది. ఫోను కూడా ఆరిపోయిందని ఆ తర్వాత తేలింది. నాన్న రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

అలాంటి మనిషికి తగిన ఉద్యోగమే దొరికింది. నీటి సరఫరా ఆఫీసు ఆవరణలో, గోడలకి దూరంగా, గడ్డి మధ్యలో పొడుగు కాళ్ళ మీద ఒక తెల్ల చెక్కపెట్టె ఉంటుంది. గాలి ఆడేందుకు నాలుగువైపులా ఏటవాలు చెక్కపట్టీలు. కొత్తవాళ్ళు దాన్ని పావురాల గూడనుకుంటారు. అందులో రెండు థర్మామీటర్లుంటాయి. ఒకటి నిలబడి ఉంటుంది, ఆ నిమిషాన వేడి ఎంతుందో చెబుతుంది. రెండోది పడుకుని ఉంటుంది, ఆ రోజు వేడి ఎంతదాకా ఎక్కిందో గుర్తుపెట్టుకుంటుంది. పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, సాయంత్రం ఐదుకి మా అత్త పెట్టె తలుపు తీసి, చూసి, పుస్తకంలో రాస్తుంది. టైఫాయిడ్‌తో మంచాన పడ్డ పంతొమ్మిది రోజులు తప్పిస్తే ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే పని.

అత్త పొట్టి. పెట్టె అందదు, స్టూలెక్కి చూస్తుంది. నేను మా అమ్మ పోలిక, తాటిచెట్టుని. ఆఫీసులో ఆవిడకి పెట్టిన పేరు ‘పాదరసం గారు’. ఒక్కచోట నిలవదని పెట్టారు. ఆవిడ మాత్రం అది తన థర్మామీటరుకి దక్కిన గౌరవం అనుకుంటుంది. నేను ఆ భ్రమ చెడగొట్టలేదు.

నాది ఆ ఆఫీసు గేటు పక్కన జిరాక్సు షాపు. ఊళ్ళో కాగితాలన్నీ నా గాజుపలక మీద బోర్లా పడుకుని లేచి వెళ్ళేవే. చదవకూడదని తెలుసు. చదువుతాను. కోపం వచ్చేవి ఉంటే రెండుసార్లు చదువుతాను. గత రెండేళ్ళుగా అన్నీ రెండుసార్లు చదివేవే వస్తున్నాయి.

కారణం మునిసిపాలిటీలో కొత్త పాలకవర్గం. ‘ఎండ ఎప్పుడూ ఉన్నదే’ అన్నది వాళ్ళ నినాదం, గోడల మీద కూడా అదే. తాతలు ఎండలో పని చెయ్యలేదా, మనకేం వచ్చింది, ఈ వేడి పెరగడం అన్నది పనీపాటా లేని సైన్సువాళ్ళు పుట్టించిన పుకారు అని వాళ్ళ వాదన. ఆఫీసు నుంచి నాకొచ్చే సర్క్యులర్లలో ‘పెరుగుతున్న ఉష్ణోగ్రతలు’ అన్నచోట వైట్‌నర్ పూసి పైన ‘కాలానుగుణ ఉష్ణోగ్రతలు’ అని రాసేవాళ్ళు. వైట్‌నర్ ఆరకుండా తెచ్చి నా గాజుకి అంటించేవాళ్ళు. గీకలేక చచ్చేదాన్ని.

వాళ్ళ కన్ను పడింది నలభై రూలు మీద. తొమ్మిదేళ్ళ కిందట పాత పాలకవర్గం పెట్టిన రూలది. మధ్యాహ్నం పన్నెండింటికి అత్త పెట్టెలో నలభై డిగ్రీలు, ఆ పైన ఉంటే, ఆవిడ మునిసిపల్ ఆఫీసుకి ఫోను చేస్తుంది. ఆ ఫోనుతో ఊళ్ళో రోడ్డు పనులు, తవ్వకాలు, బరువులు మోసే పనులు సాయంత్రం నాలుగుదాకా ఆగిపోవాలి. మా నాన్న రోడ్డు పని మేస్త్రీ. కిందనుంచి తారు, పైనుంచి సూర్యుడు, మధ్యలో ఆయనా, ఆయన చేతికింద పద్దెనిమిది మందీ. ఆ ఫోను వస్తే వాళ్ళంతా టార్పాలిన్ కింద చేరి కాళ్ళు చాపుకునేవాళ్ళు. అక్క చేతి చలవ అనేవాడు నాన్న.

ఈ వేసవికి ముందు ఒక నోటీసు నా షాపుకొచ్చింది, నలభై కాపీలు. సదరు కేంద్రంలో నమోదైన ఉష్ణోగ్రతల విశ్వసనీయతపై ముగ్గురు సభ్యుల కమిటీ బహిరంగ విచారణ జరుపుతుంది, లోపాలు రుజువైతే వాటి ఆధారంగా ఉన్న నిబంధన రద్దవుతుంది. విచారణ మూడు వారాల్లో. నలభై ఒకటో కాపీ తీసి అత్తకిచ్చాను.

అత్త దాన్ని చదివి మడిచి పక్కన పెట్టింది. ఆవిడ బుర్ర అప్పటికే ఇంకోచోట ఇరుక్కుని ఉంది. యూనివర్సిటీలో వాతావరణం మీద పరిశోధన చేసే ఒకమ్మాయి పొద్దున ఫోను చేసిందట.

"మేడమ్, మీ పుస్తకాల్లో పడుకున్న థర్మామీటరుకీ, నిలబడ్డ దానికీ మధ్య తేడా పదకొండేళ్ళ కిందట ఒక్కసారిగా పెరిగింది. అర డిగ్రీ. అప్పట్నుంచి అలాగే ఉండిపోయింది. ఆ నెల్లో ఏమైందో గుర్తుందా?"

గుర్తులేదు. ఇంకేముంది, ముద్ద దిగదు.

"అత్తా, ముందు విచారణ సంగతి చూడు. అవతల వాళ్ళు కత్తులు నూరుతుంటే నీకీ అర డిగ్రీ గోలేంటి?" అన్నాను.

"ఉండవే. అర డిగ్రీ ఎక్కడికి పోతుంది? ఎక్కడో ఉండాలిగా," అంది, ఇంట్లో తాళంచెవి పోయినట్టు.

మొదట థర్మామీటర్ల మీద అనుమానపడింది. రెండింటినీ ఒకే బకెట్టు నీళ్ళలో ముంచింది. రెండూ ఒకటే చెప్పాయి. తర్వాత పెట్టె రంగు మీద పడింది. పాత బిల్లులు తీయించి చూస్తే రంగు వేసింది ఆ ఏడాది కాదు. ఆవరణలో సిమెంటు ఎప్పుడు పోశారు, షెడ్డు ఎప్పుడు కట్టారు అని రిటైరైన వాచ్‌మన్ దాకా వెళ్ళి ఆయనకి మూడు చెరువుల నీళ్ళు తాగించింది. అర డిగ్రీ దొరకలేదు.

ఒకరోజు పన్నెండింటికి నన్ను రమ్మంది. "నువ్వు చూసి చెప్పు," అంది. నాకు స్టూలు అక్కర్లేదు. నిలబడి చూసి ముప్పై ఎనిమిది పాయింట్ ఐదు అన్నాను. ఆవిడ స్టూలెక్కి చూసి ముప్పై ఎనిమిది అంది.

"నీ కళ్ళు పోయాయి," అన్నాను.

"నీ చదువు పోయింది," అంది.

కాసేపు అరుచుకున్నాం. ఆవిడ సాయంత్రమే కంటి డాక్టరు దగ్గరికెళ్ళి కళ్ళు భేషుగ్గా ఉన్నాయని చీటీ రాయించుకొచ్చి నా కౌంటరు మీద పెట్టింది. జిరాక్సు తియ్యమంది కూడా.

మర్నాడు నన్ను పెట్టె ముందు నిలబెట్టి, మెల్లగా మోకాళ్ళు వంచుతూ చదవమంది. వంగినకొద్దీ అంకె దిగిపోయింది. ముప్పై ఎనిమిదిన్నర, ముప్పై ఎనిమిది పాయింట్ మూడు, ముప్పై ఎనిమిది. పాదరసం కదల్లేదు, కదిలింది నా తలే. బస్సులో పక్క సీట్లోంచి చూస్తే డ్రైవరు ముందున్న స్పీడు ముల్లు వేరే అంకె మీద ఉన్నట్టు కనిపిస్తుంది చూడండి, అదే సంగతి. గీతలు గాజుకి ముందు వైపుంటాయి, పాదరసం కాస్త వెనక. కన్ను దానికి సూటిగా ఉంటే సరైన అంకె. కిందనుంచి పైకి చూస్తే తక్కువ అంకె. పడుకున్న దానికి ఈ బాధ లేదు, కన్ను ఎత్తు మారినా దాని అంకె మారదు.

"అంటే నేను కుంచించుకుపోయానంటావా?" అంది అత్త. గబగబా ఇంటికెళ్ళి, వంటగది గుమ్మానికి వీపు ఆనించి, నా చేత పెన్సిలు గీత పెట్టించుకుని, పాత ఉద్యోగ కాగితాల్లో ఉన్న ఎత్తుతో సరిపోల్చింది. అర అంగుళం కూడా తగ్గలేదు. ఆవిడ మొహం చూడాలి, గెలిచిందో ఓడిందో ఆవిడకే తెలియలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టిందో లేదో గానీ, పొద్దున్నే పదకొండేళ్ళనాటి పుస్తకం పట్టుకుని షాపు తెరవకముందే గేటు దగ్గర నిలబడి ఉంది. అంకెల పక్కన రిమార్కులు రాసే సన్నటి గడి ఒకటుంటుంది. సరిగ్గా ఆ నెల్లో, ఆ గడిలో ఆవిడ చేతి రాతే: ‘స్టూలు కాలు విరిగినది. వడ్రంగి బాగుచేసెను.’

వడ్రంగి ఇంకా అదే వీధిలో ఉన్నాడు. మమ్మల్ని చూసి కూర్చోమని పలకముక్క దులిపాడు.

"ఆ స్టూలా? గుర్తుందమ్మా. ఒక కాలు కింద బెత్తెడు మేర చీలిపోయింది. దానికి అతుకేస్తే నిలవదు. అందుకని మిగతా మూడూ దానికి సమానంగా కోసేశాను. ఇప్పటిదాకా ఊగిందా? మీరే చెప్పండి, ఊగిందా?"

ఊగలేదు. పదకొండేళ్ళు రాయిలా నిలబడింది, బెత్తెడు పొట్టిగా. ఆ నెల్లోనే అత్తకి కొత్త కళ్ళజోడొచ్చింది. గడ్డం కాస్త ఎత్తి చూడాల్సి రావడం దానివల్లేననుకుంది. ఊరందరి సంగతీ తరచి చూసే మనిషి, తన కాళ్ళ కింది స్టూలు చూసుకోలేదు. పప్పులో కాలేశానే అని నవ్వబోయింది. నేనూ నవ్వాను. ఇద్దరం వడ్రంగి ముందు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాం.

నవ్వు ఇంటికొచ్చేదాకానే ఉంది. పదకొండేళ్ళు అర డిగ్రీ తక్కువ రాసిందంటే, రూలు వచ్చిన తొమ్మిదేళ్ళూ తక్కువే రాసింది. ముప్పై తొమ్మిదిన్నర అని రాసినరోజు నిజానికి నలభై. పని ఆగాల్సిన రోజు, ఆగని రోజు. నేను పుస్తకాలన్నీ జిరాక్సు తీసి ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టుకుంటూ పోయాను. అరవై ఒక్క సున్నాలొచ్చాయి.

నాన్న స్నానం చేసొచ్చి మా పక్కన కూర్చున్నాడు. విషయం విని చాలాసేపు కాగితాలు తిరగేశాడు. ఒకచోట ఆగాడు.

"అక్కా, ఆరేళ్ళ కిందట. మా రోలరు డ్రైవరు పోయాడు చూడు. ఇది ఆ రోజేనా?"

అదే రోజు. రోలరు మీదే కూలబడి, ఆసుపత్రికి చేరకముందే పోయాడు. పుస్తకంలో పన్నెండు గంటల గడిలో ముప్పై తొమ్మిది పాయింట్ ఏడు. చుట్టూ నేను చుట్టిన ఎర్ర సున్నా.

అత్త ఆ కాగితం మీద అరచెయ్యి బోర్లించి అలాగే ఉండిపోయింది. నా జీవితంలో ఆవిడ ఏ ప్రశ్నా అడగకుండా కూర్చోవడం అదే మొదటిసారి. నాకు భయం వేసింది.

"ఎవరికీ చెప్పకు," అన్నాడు నాన్న చివరికి. "గురువారం విచారణ. వాళ్ళు సందు కోసం చూస్తున్నారు. నువ్వు నోరు తెరిచి తప్పు రాశానన్నావనుకో, ఎటు తప్పు అని ఎవడూ అడగడు. రూలు ఎత్తేస్తారు. మా వాళ్ళు ఎండలో మాడతారు. స్టూలు కింద నాలుగు ఇటుకలు పెట్టుకుని రేపట్నుంచి సరిగ్గా రాసుకో. అయిపోయింది."

దాచడం ఎందుకు, నేను నాన్న పక్షమే. నిజం చెప్పడానికి కూడా ఒక రోజుంటుంది, ఆ రోజు గురువారం మాత్రం కాదు అన్నాను. చాలా తెలివిగా మాట్లాడాననుకున్నాను.

"మరి ఆ అమ్మాయికి నేనేం జవాబు చెప్పను?" అంది అత్త.

"యూనివర్సిటీ అమ్మాయికా? దొరకలేదని చెప్పు."

"దొరికిందిగా," అంది అత్త. "వాళ్ళు వేడి పెరగలేదని అబద్ధం చెబుతుంటే, నేను అంతకంటే పెరిగిందని తెలిసి దాచుకోవాలా? రేపు ఇంకెవరో ఈ తేడా పట్టుకుంటే నా ముప్పై ఏళ్ళూ చెత్తబుట్టలోకి పోతాయి. అయినా ముందు ఆ రోలరు డ్రైవరు భార్యకి చెప్పాలిరా తమ్ముడూ. ఆవిడకంటే ముందు కమిటీకి చెబితే బాగుండదు."

ఆ డ్రైవరు భార్య ఇప్పుడు నాన్న దగ్గరే కంకర పరుస్తుంది. భర్త పోయాక ఆ పనిలో చేరింది. మరుసటి సాయంత్రం అత్తా నేనూ వెళ్ళాం. ఒక్క గది, మూలన నీళ్ళ డ్రమ్ము, తలుపు వెనక మేకుకి పనిలో పెట్టుకునే పసుపు టోపీ. అత్త కూర్చోలేదు. నిలబడే చెప్పింది, స్టూలు సంగతి, అర డిగ్రీ సంగతి, ఆ రోజు సంగతి. ఆవిడ అంతా విన్నది. లేచి తలుపు తీసి పట్టుకుంది. మేం బయటికొచ్చాక మూసుకుంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది నాకు.

గురువారం మునిసిపల్ ఆఫీసు మేడ మీది హాలు నిండిపోయింది. వెనక వరసల్లో నాన్న మనుషులు. ముందు నీలం గుడ్డ పరిచిన బల్ల వెనక చైర్మన్ గారు, అటొకరు ఇటొకరు సభ్యులు, పక్కన రాసుకునే గుమాస్తా. అత్త స్టూలు చంకన పెట్టుకుని వచ్చింది. రెండో చేతిలో స్టాండుకి బిగించిన నిలువు థర్మామీటరు. మెట్లమీద గార్డు ఆపితే, "ఇవి నా సాక్షులయ్యా," అని దాటేసిందట.

చెప్పింది. ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. చైర్మన్ మొహం విప్పారింది.

"రాసుకోవయ్యా," అన్నారు గుమాస్తాతో. "పదకొండేళ్ళుగా తప్పు అంకెలు రాసినట్టు పరిశీలకురాలు స్వయంగా ఒప్పుకున్నారు."

"తప్పు ఎంతో, ఎటు వైపో కూడా రాయించండి సార్," అంది అత్త. "సగం రాస్తే అది మళ్ళీ ఇంకో తప్పవుతుంది. ఒక్కసారి మీరే చూడండి, నా మాట మీద నమ్మొద్దు."

చైర్మన్ అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపారు. కానీ ఎడంపక్క సభ్యుడు, ముసలాయన, అప్పటికే కుర్చీ వెనక్కి జరిపాడు. వచ్చి థర్మామీటరు ముందు నిలబడి చదివాడు: ముప్పై ఒకటిన్నర. అత్త చెప్పినట్టు వంగి చదివాడు: ముప్పై ఒకటి. మళ్ళీ లేచాడు, మళ్ళీ వంగాడు. "అరే!" అన్నాడు. కుడిపక్క సభ్యుడూ వచ్చాడు. ఆయనా వంగాడు, లేచాడు. ఇద్దరు పెద్దమనుషులు గుంజీలు తీస్తుంటే చైర్మన్ ఎంతసేపు కూర్చోగలరు? వచ్చారు. పంట్లాం మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని వంగారు. ఆ ఒక్క నిమిషం ఆయన ఏ పార్టీ మనిషో ఆయనకే గుర్తులేదు. నేను చూశాను, పెదాలు కదుపుతూ గీతలు లెక్కపెట్టుకుంటున్నారు.

తర్వాత కుర్చీలోకి వెళ్ళి మళ్ళీ చైర్మన్ అయిపోయారు.

"అంతా బాగానే ఉందమ్మా. కానీ తప్పుడు అంకెల మీద నిలబడ్డ రూలు నిలుస్తుందా? దాన్ని రద్దు చెయ్యడమే న్యాయం."

వెనక వరసలో కుర్చీ చప్పుడైంది. రోలరు డ్రైవరు భార్య లేచి నిలబడింది. అత్త తల దించుకుంది.

"మా ఆయన పోయిన రోజు నిజంగా నలభై దాటిందంటగా అయ్యా," అంది ఆవిడ. మైకు అక్కర్లేని గొంతు. "దాటిందని ఆ రోజు తెలిస్తే పని ఆగేది. మా ఆయన టార్పాలిన్ కింద పడుకునేవాడు. పొరపాటు స్టూలుది. ఆవిడది. నేను కాదనను. రూలు ఏం చేసిందయ్యా? మా ఆయన పోయింది రూలు ఉండి కాదు, ఆ రోజుకి అది అందక. అది అందకే మనిషి పోతే, మీరు దాన్నే తీసేస్తానంటారేంటి?"

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముసలి సభ్యుడు గుమాస్తా వైపు తిరిగి, "అర డిగ్రీ, తక్కువగా. రాశావా?" అన్నాడు. గుమాస్తా చైర్మన్‌ని చూసి, ముసలాయన్ని చూసి, రాశాడు.

గెలిచాం అని చెప్పలేను. పేపర్లో మర్నాడు ‘పదకొండేళ్ళుగా తప్పుల లెక్క’ అని పెద్దక్షరాలు, తప్పు ఎటువైపో ఎనిమిదో లైనులో. ఆ పేపరుని నాలుగుసార్లు చదివి నలిపి పారేశాను. అత్తకి నిర్లక్ష్యం కింద మెమో వచ్చింది, అదీ నా దగ్గరే జిరాక్సు తీయించారు. రూలు మాత్రం రద్దు కాలేదు. ‘తదుపరి పరిశీలన వరకు యథాతథం’ అని రాశారు. ఆ పరిశీలన ఎప్పుడో వాళ్ళకే తెలియాలి. అప్పటిదాకా పన్నెండింటి ఫోను మోగుతుంది. యూనివర్సిటీ అమ్మాయి పదకొండేళ్ళ అంకెల్నీ సరిచేసి, పక్కన కారణం రాసి పెట్టుకుంది.

వడ్రంగి డబ్బులు తీసుకోకుండా స్టూలుకి కొత్త కాళ్ళు వేసిచ్చాడు. విచారణ అయిన తొమ్మిదో రోజున, పన్నెండుకి పది నిమిషాలుండగా, కంచె అవతల పసుపు టోపీ కనిపించింది. రోలరు డ్రైవరు భార్య. కాళ్ళకి కంకర దుమ్ము. నేను అత్తకి మంచినీళ్ళు ఇవ్వడానికి వచ్చి అక్కడే ఉన్నాను.

"మిమ్మల్ని క్షమించేశానని అనుకోకండి," అంది ఆవిడ. "అదింకా నాకే తెలీదు. ఎలా చూస్తారో చూసి పోదామని వచ్చాను."

అత్త కంచె గేటు తీసింది. స్టూలు సర్ది, తను ఎక్కకుండా పక్కకి తప్పుకుంది.

"మీరే చూడండమ్మా. కన్ను పాదరసానికి సూటిగా రావాలి. పెద్ద గీత ఒక డిగ్రీ, చిన్న గీత అర డిగ్రీ. తొందరేం లేదు."

ఆవిడ టోపీ తీసి చంకన పెట్టుకుని ఎక్కింది. కన్ను సూటిగా పెట్టి చూసింది. లోగొంతులో గీతలు లెక్కపెట్టుకుంది.

"నలభై దాటిందండి. తర్వాతి చిన్న గీత దగ్గరుంది."

ఆవిడ దిగాక అత్త ఎక్కి చూసింది. నలభైన్నర. గడిలో రాసింది, ఫోను చేసింది. నాలుగు నిమిషాలకి వీధి చివర తారు మిషను చప్పుడు ఆగిపోయింది. డ్రైవరు భార్య ఆ ఆగిన చప్పుడు వింటూ కాసేపు నిలబడింది. తర్వాత, "ఇంకోసారి చూడొచ్చా?" అని అడిగింది.